వంటింటి గోడ మీది చుట్ల లెక్క

తెనాలిలో మా కొట్టు బోర్డు మీద 'మీరా మొహిద్దీన్ అండ్ సన్, మోటారు వైండింగ్' అని రాసి ఉంటుంది. మీరా మొహిద్దీన్ నా కొడుకు. ఆ సన్ అన్నవాడు నా మనవడు జమీర్. పేర్లవరకూ నిజమే, మిగతాదంతా అబద్ధం. ఆ కొట్లో బాగుపడిన మోటార్లలో ముప్పాతిక వంతు మా వంటింట్లో ఆడవాళ్లం చుట్టినవే.

కాలిపోయిన మోటారును మగవాళ్లు కొట్లో విప్పుతారు. కొత్త రాగితీగ ఇంటికొస్తుంది. చెక్క అచ్చు మీద తీగను లెక్కపెట్టి చుట్టి, కాయిళ్లు కట్టి పంపేది మేము. నాలుగు చుట్లు తగ్గితే చాలు, మోటారు వేడెక్కి మళ్లీ కాలుతుంది. అందుకని ఏ ఊరి ఏ మోటారుకు ఎన్ని చుట్లో, ఎంత లావు తీగో వంటింటి గోడ మీద బొగ్గుతో రాసుకునేదాన్ని. మూడో తరగతితో బడి మానేసినదాన్నే గానీ నా అంకెలకు వంక పెట్టిన మగాడు ఇంతవరకూ పుట్టలేదు.

నా మనవరాలు ఆస్మా తొమ్మిదో ఏట నుంచి నా పక్కన కూర్చుని చుట్టింది. ఒకరోజు అడిగింది, "చుట్లు తగ్గితే ఎందుకు కాలుద్ది దాదీ?" అని.

నాకు తెలియదు. ముప్పై ఏళ్లు చుట్టాను. ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు. జమీర్ ఐటీఐ పుస్తకం టీ గ్లాసు కింద పెట్టుకునేవాడు. ఆ గుండ్రటి మరకల మధ్య నుంచే చదువుకుని పిల్ల నాకు విడమరిచి చెప్పింది. ఆ రోజు నేను ఏడవలేదు. ఒళ్లు మండిపోయింది, అంతే.

రెండువేల ఆరులో ఆస్మా పది పాసై, పాలిటెక్నిక్ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంది. ఎలక్ట్రికల్ డిప్లొమా చేస్తానంది. దానికి కావలసింది ఆ ఒక్క సీటే. కౌన్సెలింగుకు బాపట్ల వెళ్లాలి. "నేను తీసుకెళ్తాలే" అన్నాడు నా కొడుకు.

సాయంత్రం బస్సు దిగి వచ్చారు. పిల్ల చెప్పులు విడిచి నేరుగా అచ్చు ముందు కూర్చుంది.

"ఏంటిరా, ఏ సీటు?"

"కమర్షియల్ ప్రాక్టీసమ్మా. టైపూ అదీ నేర్పుతారు. ఫ్యాను కింద కూర్చుని చేసుకునే పని."

"ఎలక్ట్రికల్ లేదన్నారా?"

"ఉంది. అరవైమంది మగపిల్లల్లో ఇదొక్కత్తే ఉంటది. అక్కడ సారు కూడా అన్నాడు, మంచి ఆలోచన చేశారండీ అని. మోటార్లూ కరెంటూ ఆడపిల్లకి..."

"మోటార్లా! ఈ ఇంట్లో నువ్వు తినే అన్నం ఏ చేతులు చుడితే ఉడుకుతుందిరా?"

వాడు చెప్పుల్లో కాళ్లు దూర్చి కొట్టుకు పోయాడు. ఈ మాటెత్తితే చాలు, మా ఇంటి మగాళ్లకు కొట్టు గుర్తొస్తుంది.

పది రోజుల్లో రెండో విడత కౌన్సెలింగు ఉందని ఆస్మా చెప్పింది. దానికి తండ్రే రావాలి, సంతకం చెయ్యాలి. నా కొడుకు రానన్నాడు. మర్నాడు పొద్దున్నే సున్నం తడిపాను. వంటింటి గోడకు ఈ మూల నుంచి ఆ మూల దాకా రెండు పూతలు కొట్టాను. ఒక్క అంకె మిగల్లేదు. చెక్క అచ్చు పొయ్యిలో పెట్టాను. బాగా మండింది.

ఎనిమిదో రోజున రేపల్లె నుంచి రైసుమిల్లు బసవేశ్వరరావు మోటారు వచ్చింది. జమీర్ ఎప్పటిలాగే పాత తీగ నరికి తుక్కులో పారేశాడు. విప్పేటప్పుడే చుట్లు లెక్కపెట్టుకోవాలని పుస్తకం చెబుతుంది. వాడెందుకు లెక్కపెడతాడు? గోడ ఉందిగా! వంటింట్లోకి వచ్చి నిలబడిపోయాడు.

"దాదీ, గోడ ఏమైంది?"

"తెల్లబడింది."

"రేపల్లె మోటారుకి ఎన్ని చుట్లు?"

"నీ సర్టిఫికెట్‌ని అడుగు. అద్దం కట్టించి కొట్లో పెట్టావుగా."

ఆస్మాను బతిమాలాడు. దానికి ఆ గోడంతా కంఠతా వచ్చు. బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. వాడే ఓ లెక్క వేసుకుని, బజారులో ఎవరి దగ్గరో అచ్చు అడిగి తెచ్చి చుట్టాడు. స్విచ్చి వేయగానే మోటారు మూలిగి పొగ కక్కింది. అప్పుడొచ్చాడు నా కొడుకు, గుమ్మం దాకా.

"సరేనమ్మా. బాపట్ల వెళ్దాం."

ఈసారి నేనూ వెళ్లాను. బల్ల వెనక అప్పటి సారే ఉన్నాడని ఆస్మా చూపించింది. ఆయన కాగితం తిప్పి చూసి, "ఎలక్ట్రికల్ నిండిపోయింది మామ్మగారూ. మొదటిసారి అడిగుంటే ఈ ర్యాంకుకి వచ్చేదే" అన్నాడు.

"అడగనిచ్చారా నాయనా? మంచి ఆలోచన అన్నది మీరే కదండీ?"

ఆయన మరో పేరు పిలిచాడు.

బస్సులో నా కొడుకు నెమ్మదిగా, "వచ్చే ఏడు మళ్లీ రాద్దువులేమ్మా" అన్నాడు.

"రాస్తాను అబ్బాజాన్. ఆ కమర్షియల్‌లో మాత్రం చేరను" అంది ఆస్మా.

"ఈ ఏడాదంతా ఇది వంటింట్లో చుట్టదు" అన్నాను. "కొట్లో చుడుతుంది. రోడ్డు మీదకి కనపడేలా."

మర్నాడు జమీర్ కూర్చునే స్టూలు మీద కూర్చుని ఆస్మా రేపల్లె మోటారు చుట్టింది. మూడోనాడు బసవేశ్వరరావు వచ్చాడు.

"ఏంటమ్మా, కొట్లో మగాళ్లెవరూ లేరా?"

"ఉన్నాడండి. అన్నయ్య టీకి వెళ్లాడు. మోటారు సంగతైతే నన్నడగండి."

ఆయన నవ్వాడు. అది స్విచ్చి వేసింది. మోటారు చప్పుడు లేకుండా తిరిగింది. ఆయన నవ్వు ఆగింది. అయినా వెళ్తూ వెళ్తూ, "మీవాడి చెయ్యి మంచిదండీ మీరా గారూ" అన్నాడు, అప్పుడే కొట్టు మెట్టెక్కిన నా కొడుకు కేసి చూస్తూ.

కొట్టు మూలన కూర్చున్న నేను లేచాను. బొగ్గు తీసుకుని, జమీర్ సర్టిఫికెట్ పక్కనే, గోడ మీద రేపల్లె మోటారు చుట్ల లెక్క రాశాను. కింద ఆస్మా పేరు రాశాను. అక్షరాలు వంకరపోయాయి. పోనీ.

"కొట్టు గోడమ్మా, పాడవుద్ది" అన్నాడు నా కొడుకు.

"పాడవనీరా" అన్నాను.