పెద్దమ్మ వడ్డించిన మెక్సికో భోజనం

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే మా పెద్దమ్మ ఈ దేశపు తిండి మీద తీర్పు చెప్పేసింది. పాస్తా ఒక్క ముద్ద తిని ప్లేటు పక్కకు జరిపి, "జొరం తగ్గినోళ్ళకి పెట్టే పత్యంలా ఉందే," అంది. రాజోలు దగ్గర నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. పత్యం సంగతి ఆవిడకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? ఆ తర్వాత బయట తిందామంటే కదిలేది కాదు. ఇంట్లో చారన్నం చాలనేది. ఇంత దూరం వచ్చి, చూడవలసినదంతా కారు అద్దంలోంచే చూసి వెళ్ళిపోతుందేమోనని నాకు బెంగగా ఉండేది.

ఒక శనివారం పొద్దున్న, ఎక్కడికో చెప్పకుండా, ఆవిడను కార్లో ఎక్కించుకుని డెట్రాయిట్‌లోని మెక్సికన్ పేటకు తీసుకెళ్ళాను. కడుపుతో ఉన్నప్పుడు కారం కోసం మనసు పీకినప్పుడల్లా నేను పరుగెత్తిన చిన్న హోటల్ ఒకటి అక్కడుంది. కూర్చోగానే మొక్కజొన్న చిప్స్, సల్సా తెచ్చి పెట్టారు. పెద్దమ్మ ఒక చిప్ ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"టమాటాలు, పచ్చిమిరపకాయలు కాల్చి నూరారు. రోటి పచ్చడే ఇది. కారం చాల్లేదు."

ఇంకా కారంగా ఉన్నది అడిగాను. హోటల్ నడిపే ఆవిడ నారింజ రంగు పచ్చడి చిన్న గిన్నెలో తెచ్చి, జాగ్రత్త సుమా అన్నట్టు వేలు చూపించింది. పెద్దమ్మ తింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీర కొంగుతో ముక్కు తుడుచుకుని, మళ్ళీ ముంచింది. హోటలావిడ నడుం మీద చేతులు పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

తర్వాత మెనూదో అనే వంటకం వచ్చింది. ఎర్రటి పులుసు, పొగలు కక్కుతూ. పెద్దమ్మ స్పూనుతో ఒక ముక్క పైకి తీసి చూసింది.

"బోటి కదే ఇది?"

"బోటే పెద్దమ్మా. వీళ్ళు వీకెండ్‌లోనే చేస్తారు."

"మరి ఇన్నాళ్ళూ నాకా పాస్తాలెందుకు పెట్టావే?"

పచ్చి ఉల్లిపాయ చల్లుకుని, నిమ్మకాయ పిండుకుని, అడుగున ఉన్న లావు మొక్కజొన్న గింజలతో సహా గిన్నె ఖాళీ చేసింది. అన్నీ నచ్చాయని కాదు. చాక్లెట్ వేసి వండిన మోలే అనే కోడికూర ఒక్క ముద్దతో ఆపేసింది. "వీళ్ళకేం పోయేకాలమే, కూరలో చాక్లెట్టేంటి?" అంది. అది నేను తినేశాను. చింతపండు షర్బత్ మాత్రం రెండు గ్లాసులు తాగింది.

ఆ నెలలోనే మా తెలుగు చర్చికి కోనసీమ నుంచి అతిథులు వచ్చారు. పాస్టర్ అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు, క్వయర్‌లో పాడే నలుగురు. వాళ్ళకు ఆదివారం భోజనం మెక్సికన్ హోటల్లో పెడదామని నేనన్నాను. చర్చిలో భోజనాల బాధ్యత చూసే ఆంటీ వెంటనే కొట్టిపారేశారు.

"ఊరుకోమ్మా. వాళ్ళు జెట్‌లాగ్‌లో ఉంటారు. మన బిర్యానీ ఆర్డర్ చేసేద్దాం, అదే సేఫ్."

నేను తగ్గబోయాను. పెద్దమ్మ తగ్గలేదు.

"బిర్యానీ వాళ్ళూళ్ళో దొరకదాండీ? ఇంత దూరం వచ్చింది అది తినడానికా?"

"తినకపోతే ఏం చేద్దామండీ?"

"ఇంటికి తీసుకెళ్ళి నేను వండి పెడతానండి."

ఆదివారం ఆరాధన అవగానే అందరం ఆ హోటల్‌కే వెళ్ళాం. పొడుగాటి టేబుల్ మధ్యలో పెద్దమ్మ కూర్చుంది. తమాలెలు వచ్చాయి. అతిథులు వాటిని చూస్తూ కూర్చున్నారు తప్ప ఎవరూ చెయ్యి పెట్టలేదు. పెద్దమ్మ ఒకటి తీసుకుని, పైనున్న రేకు విప్పి, అమ్మగారి ప్లేటులో పెట్టింది.

"పొట్టిక్కలనుకోండి అమ్మగారూ. మనం ఇడ్లీ పిండి పనసాకులో ఉడకబెడతాం, వీళ్ళు మొక్కజొన్న పొత్తు రేకులో చుడతారు. లోపల కోడికూరండి."

అమ్మగారు తిన్నారు. రెండోది తనే తీసుకుని విప్పుకున్నారు. అంతే, టేబులంతా చేతులు కదిలాయి. బియ్యం నానబెట్టి రుబ్బి, దాల్చినచెక్క వేసి చేసే ఓర్చాతా అయ్యగారికి నచ్చింది. మళ్ళీ అడిగారు. కారం అద్దిన చింతపండు మిఠాయిలు చూసి క్వయర్ వాళ్ళు రేగొడియాలు దొరికినంత సంబరపడ్డారు. నూనెలో వేయించి చక్కెర అద్దిన చూర్రోలను వేడి వేడిగా, మేకపాలు మరగబెట్టి చేసిన కహేతాలో ముంచుకుని తిన్నారు. నాకు ఆకలి తెలియలేదు. ఒక్కొక్క ప్లేటూ ఖాళీ అవుతుంటే, పరీక్ష నేనే పాసైనట్టు ఒళ్ళంతా తేలికైపోయింది.

ఎందుకైనా మంచిదని ఆంటీ బ్యాగ్‌లో పెరుగన్నం డబ్బాలు పెట్టుకొచ్చారని నాకు తెలుసు. వాటి జోలికి ఎవరూ వెళ్ళలేదు. కాసేపటికి ఆవిడ నా వైపు వంగి, "ఆ పొట్టిక్కలు ఇంకో ప్లేట్ చెప్పమ్మా," అన్నారు.

చివర్లో హోటలావిడ వచ్చి ఖాళీ ప్లేట్లు చూసి నవ్వింది. అయ్యగారు లేచి నిలబడి, వండిన చేతులను దీవించమని తెలుగులో ప్రార్థన చేశారు. ఒక్క మాటా తెలియకపోయినా ఆవిడ తల వంచి, గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ప్రార్థన ముగిశాక ఆమెన్ అన్న గొంతుల్లో అందరికన్నా గట్టిగా వినిపించింది మా ఆంటీదే.