గోడ మీది సరస్సు

ఆ రోజుల్లో అబద్ధమాడడానికి నాకు పెద్ద తెలివితేటలేమీ అక్కరలేకపోయింది. ఒక ఫోను, ఒక గోడ ఉంటే సరిపోయింది. ఒమన్ దేశం సోహార్‌లో కంపెనీ ఇచ్చిన రూమ్‌లో నా మంచం పక్క గోడ చెమ్మకు పెచ్చులూడితే, నాకంటే ముందున్నవాడెవడో దాని మీద పెద్ద వాల్‌పేపర్ అంటించి పోయాడు. అగ్నిపర్వతాల నడుమ నీలం సరస్సు, ఒక కొండ కొసన పొగ, కింది మూలన ఏదో దేశపు జాతీయ పార్కు పేరు (ఆ మూల కనబడకుండా తలగడ అడ్డం పెట్టేవాణ్ణి). కొత్తగా పెళ్లయి, మా ఆవిడను జగిత్యాలలో వదిలి వచ్చినవాణ్ణి. ఎనిమిది మంది ఇరుక్కున్న రూమ్ చూపించడానికి నామోషీ. అందుకని వీడియో కాల్‌లో ఆ గోడకు ఆనుకుని, “డ్యూటీ అయినంక రోజూ ఈ చెరువు కాడికే వస్త” అని కోతలు కోశాను.

“కొండ మీద ఆ పొగేంది?” అంది మా ఆవిడ.

“ఎవరో బిర్యానీ చేస్తున్నరు.”

(అగ్నిపర్వతం మీద బిర్యానీ! ఇప్పుడు రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.)

ఆరు నెలలు ఆ చెరువులో అల లేవలేదు, పొద్దు గూకలేదు. ఆవిడ మళ్లీ ఏమీ అడగలేదు. నా తెలివికి నేనే మురిసిపోతున్నంతలో, ఊళ్లో ఏ పనీ లేక మంచం మీదే పొద్దు గడిపే నా బావమరిది ఆ చెరువు కథలు విని మా కంపెనీలోనే వీసా సంపాదించి దిగాడు. సంచిలో ఈతకని కొన్న కొత్త నిక్కరు. రూమ్‌లోకి రాగానే గోడ చూశాడు. సరిగ్గా పొగ లేచే చోట మేకు, దానికి నా లుంగీ. సంచిలోంచి నిక్కరు తీసి పట్టుకున్నాడు.

“బావా, నేనెక్కడ దుంకాలె?” అన్నాడు.

వాడు అక్కకు చెప్పేస్తే నా పరువేం మిగులుతుంది? ఆ పూట నుంచి వాడి బట్టలు నేనే ఉతికాను, వాడి వంతు వంట నేనే చేశాను. వాడు నోరు విప్పలేదు గానీ, ఒక్కసారీ తడవని ఆ నిక్కరును రోజూ నా కళ్లెదుటే దులిపి దండెం మీద ఆరేసేవాడు.

తర్వాత మా సైట్ ఖురియాత్ వైపు మారింది. అక్కడ కొండల నడుమ డ్యామ్, నిజమైన నీళ్లు. ఒక శుక్రవారం వాణ్ణి తీసుకెళ్లాను (ఈత నిషేధమని బోర్డు; నిక్కరు అక్కడా తడవలేదు). చేసిన పాపం కడుక్కుందామని ఆవిడకు వీడియో కాల్ చేశాను. గాలికి జుట్టు ఎగిరిపోతోంది.

“ఇన్ని రోజులు చూపించింది గోడనే. తప్పయింది. ఇది మాత్రం అసలు చెరువు, చూడు!”

ఆవిడ ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. “పాతదే మంచిగుండె. జర ఆ ఫ్యాన్ బంద్ చెయ్యి, నీ మాట వినొస్తలేదు.”

“అంటే... నీకు ముందే ఎరుకనా?”

“మొదటి రోజే. చెరువు నడుమ స్విచ్ బోర్డు కనబడ్డది.”

“మరి తమ్మునికెందుకు చెప్పలే?”

“చెరువు లేకుంటే వాడు మంచం దిగుతుండెనా?”

నా వెనకే నిలబడి వింటున్న బావమరిది నిక్కరు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఆ డ్యామ్ దగ్గర దిగిన ఫొటో ఇప్పుడు మా ఇంటి గోడకు ఉంది. వచ్చినవాళ్లకు మా ఆవిడ “మా ఆయన రూమ్‌ల వాల్‌పేపర్” అని చూపిస్తుంది. నేను కాదనను. తలగడ అడ్డం పెట్టుకుని కోతలు కోసిన ఆ కుర్రాడికి ఈ మాత్రం శిక్ష ఉండాలి. అయినా పాపం, ఫొటోలో ఎంత నిజాయితీగా నవ్వుతున్నాడో!