బావ తెచ్చిన చేపల నీళ్ళు

మొన్న పన్ను నొప్పితో మానుకోటలో ఒక దంత వైద్యుడి దగ్గరికి వెళ్ళి కూర్చుంటే, ఎదురుగా గోడవార ఉప్పునీటి చేపల తొట్టె ఒకటి కనిపించింది. లోపలి రాళ్ళ మీద ఆకుపచ్చని నాచు, దువ్వక వదిలేసిన జుట్టులాగా అల్లుకుపోయి ఉంది. పక్కనున్నవాళ్ళు ఎంత పచ్చగా ఉందో అని మురిసిపోతున్నారు గానీ, నేను మాత్రం పన్ను సంగతే మరిచిపోయాను. ఆ రోజుల్లో తెలంగాణ కోసం దీక్షా శిబిరాల్లో షామియానాల కింద కూర్చున్న నా ఈడువాళ్ళకే ఈ ముచ్చట చెప్పుకోవాలి, తక్కినవాళ్ళకు చెబితే చేపల కోసం ఇంత ఏడుపేమిటని నవ్వుతారు.

ఉద్యోగులమంతా సమ్మె కట్టిన ఏడు నేను మానుకోట బడిలోనే సైన్సు చెప్పేవాణ్ణి. అంతకు కొద్ది నెలల ముందు శిక్షణ తరగతులకని హైదరాబాదు వెళ్ళి, ఒక దుకాణంలో సముద్రపు చేపలను చూసి మనసు పారేసుకుని, తొట్టె, లైటు, ఉప్పు పొట్లాలతో సహా కొనుక్కుని వచ్చాను. సముద్రం మొహం చూడని ఊళ్ళో సారు సముద్రాన్ని పెంచుతాడట అని తోటి పంతుళ్ళు నెల రోజులు నవ్వుకున్నారు. నారింజరంగు ఒంటి మీద తెల్లని పట్టీలున్న చేపలు రెండు. పిల్లలిద్దరూ హనుమకొండ హాస్టల్లో ఉండేవాళ్ళు కనుక, మా ఆవిడ మధ్యాహ్నాలు చాటలో బియ్యం ఏరుకుంటూ ఆ తొట్టె ముందే కూర్చుని వాటితో మాట్లాడేది. పెద్దదానికి ఎర్రవ్వ అని పేరు కూడా పెట్టింది. ఆమె నీడ పడితే చాలు, ఎర్రవ్వ అద్దం దగ్గరికి వచ్చేది. నేను వెళితే రాళ్ళ వెనక్కి పోయేది.

ఆ తొట్టెకు ఊరి నీళ్ళు పనికిరావు, ఫిల్టరు నీళ్ళలోనే ఉప్పు కలపాలి. నాకు నమ్మకమున్న ప్లాంటు కేసముద్రం మార్కెట్ యార్డు పక్కన ఉండేది. మా అక్కను ఇచ్చింది ఆ ఊరికే. బావ రోజూ జీపులో మా శిబిరానికి వచ్చేవాడు, మైకు పట్టుకుంటే మా అందరిలోకీ ఆయనే గట్టివాడు. వచ్చేటప్పుడు రెండు క్యాన్లు నేనే పట్టుకొస్తానని తానుగా ఒప్పుకున్నాడు. చిన్నప్పుడు వ్యవసాయ బావిలో నడుము పట్టుకుని నాకు ఈత నేర్పిన మనిషి, ఆయన మాట మీద అనుమానమన్నది నాకు పుట్టలేదు.

సమ్మె మొదలైన రెండో వారానికి రాళ్ళ మీద నాచు లేచింది. పాత పళ్ళ బ్రష్షుతో రుద్దాను, నీళ్ళు మార్చాను. మార్చిన కొద్దీ అది ఇంకా ఏపుగా వచ్చింది. లైటు తగ్గించాను. బావ వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని చూసి, "మేత ఎక్కువైతుందేమో బామ్మర్దీ, చెల్లెకు చెయ్యి జర పెద్దది గద" అన్నాడు. నేను ఆ మాట పట్టుకున్నాను. నాకు తెలియకుండా దోసిళ్ళతో వేస్తున్నావని మా ఆవిడను నిలదీశాను. ఆమె పిల్లల మీద ఒట్టు పెట్టుకుంది. అయినా వినకుండా మేత డబ్బా బీరువాలో పెట్టి తాళం జేబులో వేసుకుని శిబిరానికి పోయాను. ఆ తర్వాత ఆమె కూర్చుంటే ఎర్రవ్వ ఆకలితో అద్దానికి మూతి కొట్టుకునేదట. రెండు రోజులు చూసి, ఆమె తన పీట వంటింట్లోకి మార్చుకుంది.

చివరికి, చీకట్లో నాచు చస్తుందని ఎక్కడో చదివి, తొట్టె మీద దుప్పటి కప్పాను. బొగ్గు గనుల్లోనూ సమ్మె కావడంతో కరెంటు గంటల తరబడి ఉండేది కాదు, గాలి మోటారు ఆగిపోయేది. మూడో రోజు దుప్పటి తీస్తే చేపలు రెండూ వెల్లకిలా తేలి ఉన్నాయి. మా ఆవిడ వాటిని అరచేతిలో పెట్టుకుని తీసుకెళ్ళి కరివేప చెట్టు మొదట్లో పూడ్చి, చేతులు కడుక్కుని అన్నం వడ్డించింది.

ఆ వారంలోనే కేసముద్రంలో నిరసనగా రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. గంగాళాల కోసం నేను అక్క ఇంటికి వెళ్ళాను. అక్క మంచినీళ్ళిస్తూ, చేపలు పోయిన సంగతి తెలియక, "తమ్మీ, మా పొలం బోరు నీళ్ళు నీ చేపలకు మంచిగ పడ్డయా? మీ బావ దినాం నింపుకపోవట్టె" అంది. నేను తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాను. వరికీ మిర్చికీ బస్తాల కొద్దీ యూరియా పోసిన పొలం అది. అదంతా దిగి ఆ బోరులోకే చేరుతుంది. నీళ్ళు మారుస్తున్నానని నేను చేసిందల్లా నాచుకు ఎరువు వేయడమే. కంచే చేను మేసింది. ప్లాంటు దగ్గర కరెంటు లేక లైను పెద్దదైతే, శిబిరానికి ఆలస్యమవుతుందని బోరు నీళ్ళు పట్టి ఉంటాడు, అది నేను అర్థం చేసుకోగలను. కానీ నేను బ్రష్షు పట్టుకుని రుద్దుతుంటే పక్కన నిలబడి, తెలిసి తెలిసి మా ఆవిడ మీదికి తోశాడే, అది ఈనాటికీ మింగుడు పడలేదు.

రోడ్డు మీదికి తిరిగి వచ్చేసరికి, మన నీళ్ళను మనకు కాకుండా చేశారని బావ మైకులో గొంతు చించుకుంటున్నాడు. జనమంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పలేదు. చెబితే ఆమె అక్క గడప తొక్కదు, బావ పరువు పోతుంది, ఉద్యమం రోజుల్లో ఇంటి రచ్చ ఎందుకని సాకులు వెతుక్కున్నాను. ఆమె మేత వల్లే నాచు పట్టి చేపలు చచ్చాయన్న మాట అలాగే ఉండనిచ్చాను. తొట్టెను ఖాళీ చేసి ఎవరికో ఇచ్చేశాను.

మొన్న దవాఖాన నుంచి వచ్చాక ఎందుకో ఆగలేక, గోంగూర తెంపుతున్న ఆమె పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆమె తలెత్తకుండానే, "నాకెరికే. వదిన ఆ వారమే చెప్పింది. మీరెప్పుడు చెప్తరో అని చూసిన" అంది.

రాష్ట్రం వచ్చింది, వీధి వీధికీ ఫిల్టరు నీళ్ళ ప్లాంటు వచ్చింది, మైకు ముందు ఉరిమిన బావకు ఇప్పుడు గొంతు లేవదు. వేలమంది మధ్య నిలబడి మాకు అన్యాయం జరిగిందని అరిచిన నేను, ఇంట్లో ఒక్క మనిషికి నేను చేసిన అన్యాయాన్ని ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు తీసుకున్నాను. ఇంతకాలం బావ నన్ను మోసం చేశాడనే కుమిలిపోయాను. అన్నేళ్ళూ ఆమె వంటింట్లో ఎవరిని తలుచుకుని కుమిలిందో ఇప్పుడు తెలిసింది.