మోకాలికీ బోడిగుండుకూ పడిన ముడి

ఆ రోజుల్లో నా దగ్గర చెప్పుకోదగ్గవి రెండే ఉండేవి. ఒకటి బి.ఎస్సీ డిగ్రీ, రెండోది జుట్టు. ఉద్యోగం ఇచ్చింది డిగ్రీయే అయినా ప్రేమ మాత్రం జుట్టు మీదే. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి రోజూ బస్సులో పోయి ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. బస్సు దిగేలోగా కనీసం మూడుసార్లు దువ్వెనా, చేతి అద్దమూ బయటికి వచ్చేవి. (మా కండక్టరు "సారూ, అద్దం టికెట్టు వేరే" అనేవాడు.) అలాంటి నాకు ఆదోనిలోనే పిల్ల కుదిరి, శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్నారు. ఆ పిల్ల పెళ్ళిచూపుల్లో నా మొహం వైపు ఒకసారి, మొహం పైకి రెండుసార్లు చూసిందని మా అక్క చెప్పింది. అప్పటినుంచీ జుట్టు నా సొంతది కాదు, కాబోయే ఇద్దరి ఉమ్మడి సొత్తు అన్నట్టు కాపాడుకున్నాను.

ఇంతలో బడి వార్షికోత్సవం వచ్చింది. అయ్యవార్లకు గోనెసంచుల పరుగు పెట్టారు. పిల్లలు నా పేరు అరుస్తుంటే, ఆ అరుపులు నిజమనుకొని ఎగిరాను. నేను ముందుకు పోయాను, సంచి పోలేదు. మోకాలిలో మగ్గం మీద పోగు తెగినట్టు టప్పుమంది. అది పోగు కాదనీ, లిగమెంటనీ తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా కోడిగుడ్డు పట్టు, ఆముదం కాపడం, పక్కింటాయన చెప్పిన ఏదో ఆకు, అన్నీ అయ్యాయి. ఉగాది దాటాక స్కానింగు చూసిన ఎముకల డాక్టరు చెప్పేశాడు, "తెగింది తెగినట్టే ఉంది. కోసి కొత్తది వెయ్యాల. రెండు చిన్న చిల్లులే." (కోత ఆయన నోట్లో చిల్లర పని, నా చెవిలో మాత్రం ఊచకోత.)

"సార్, మళ్ళా నడుస్తానా?" అన్నాను.

"నడవడం సులువప్పా. బాసిపట్టేసుకొని కూచోవాలంటేనే కష్టం. మూడు నాలుగు నెలలు. అదీ చెప్పినట్టు వ్యాయామం చేస్తే."

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ముహూర్తానికి సరిగ్గా నాలుగు నెలలు. లెక్కల అయ్యవారి బతుకులో అంత భయంకరమైన లెక్క ఇంకోటి లేదు. పీటల దాకా వచ్చి ఆగిన పెళ్ళిళ్ళ గురించి విన్నాను గానీ, పీట వల్లే ఆగే పెళ్ళి నాదే అవుతుందేమో అనుకున్నాను.

ఆపరేషన్ రోజు పొద్దున వార్డులో ఒకాయన రేజరుతో వచ్చి నా కాలికి తొడ దాకా గుండు కొట్టాడు. (ఆ శకునం అప్పుడు నాకర్థం కాలేదు.) నడుములో సూది గుచ్చారు. కాసేపటికి నడుము కింద నేను లేను. అడ్డంగా పచ్చగుడ్డ కట్టారు, దాని అవతల టకటకా చప్పుడు. పక్కగదిలో వడ్రంగి పని జరుగుతోంది కాబోలు, ఆస్పత్రిలో ఈ గోలేమిటి అని విసుక్కున్నాను. ఆ వడ్రంగం నా మీదే జరుగుతోందని తెలిశాక విసుగు పోయి చెమట వచ్చింది. నర్సమ్మ నా నుదురు తుడుస్తూ, "భయమేస్తాందా సారూ? నూటొకటి నుంచి ఎనక్కి లెక్కపెట్టు" అంది. తొంభై మూడు దగ్గర తప్పాను.

బయటికి తెచ్చి మంచం మీద వేశాక, మగతలో మా అమ్మ గొంతు వినబడింది. పక్కమంచం ఆమెతో చెబుతోంది: "ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్న్యా అక్కా. కాలు మునుపటి మాదిరి వంగితే గుండు ఇస్తానని."

గుండు అన్న మాటకు నా గుండె జారింది. మా వైపు ఉరుకుంద ఈరన్న స్వామికి శ్రావణంలో తలనీలాలిస్తారు. ఉరకలేనివాడి కోసం ఉరుకుందలో మొక్కడం బాగానే ఉంది. కానీ శ్రావణంలోనే కదా నా పెళ్ళి! కాలు వంగకపోతే పీట లేదు, వంగితే జుట్టు లేదు. మోకాలికీ బోడిగుండుకూ ముడి పెట్టారని లోకం ఎవరెవరినో వెక్కిరిస్తుంది. ఆ ముడి నిజంగా వేసి బిగించింది మా అమ్మే.

ఇంటికొచ్చాక మొదటి పదిరోజులు కాలు నాది కాదు, దిండుది. మోకాలు గుమ్మడికాయంత వాచింది. ఐసు పెట్టడం, మడమ కింద తువ్వాలు చుట్టి మోకాలిని కిందికి నొక్కడం, కాలు నిటారుగా ఎత్తి పది అంకెలు లెక్కపెట్టడం. ఎత్తమంటే తొడ నా మాట వినేది కాదు, కొత్త బడికి వచ్చిన పిల్లవాడిలా బిత్తరపోయి చూసేది. నాలుగుకాళ్ళ వాకర్ పట్టుకొని మరుగుదొడ్డి దాకా పోవడం తీర్థయాత్ర. గుంట మగ్గంలో కూర్చున్న మా నాయన నా వైపు చూసి, "ఏమప్పా, మాకు రెండు కాళ్ళకే దినమంతా పని. నీకు ఆరు కాళ్ళుండీ బాత్రూము దాంక పోలేకుండావే" అనేవాడు.

తరవాత వంచడం మొదలైంది. ఆ పని చేయించే ఫిజియో ఆదోనిలో. ఆయనకు నేను పెట్టిన పేరు వంచుడు సారు. మెత్తని మాట, ఇనుప చెయ్యి. "ఊపిరి వదులన్నా" అని, నేను ఊపిరితో పాటు ప్రాణం కూడా వదలబోతుంటే, "సెబాష్, ఇంకో ఐదు డిగ్రీలొచ్చె" అనేవాడు. రోజూ సాయంత్రం ఇంట్లో అందరికీ ఆ అంకె కావాలి. బడి నుంచి నల్లబల్ల మీద వాడే పెద్ద కొయ్య కోణమానిని తెచ్చి నా మోకాలి పక్కన పెట్టుకునేవాణ్ణి. రాట్నం మీద నూలు కండెలు చుడుతూ మా అమ్మ అడిగేది, "ఎన్ని డిగ్రీలొచ్చెరా?" పక్కింటామె గోడ అవతలి నుంచి, "అదేంది, ఇంగా సదువుతాండాడా నీ కొడుకు?" అనేది.

ఒకరోజు పెళ్ళికూతురి అవ్వ ఆదోని నుంచి బత్తాయిపండ్లు పట్టుకొని పరామర్శకు వచ్చింది. పండ్లు కింద పెట్టకముందే నా మోకాలిని చూపుడువేలితో పొడిచింది.

"పెండ్లినాటికి కింద కూచుంటావా, లేదా నాయనా?"

"కాకపోతే కుర్చీ వేసుకుంటాం లే అవ్వా" అన్నాను.

"కుర్చీలో కూచోని తాళి కట్టనీకి అదేమన్నా రిజిస్టరాఫీసా? పీట మీద కూచునేవాడే పెండ్లికొడుకు. కాదంటే సెప్పు, మాఘం దాంక ఆగుతాం. అప్పటికి పిల్ల మనసు ఎట్లుంటాదో మాత్రం నన్నడగొద్దు."

ఆమె పోయాక మా అమ్మ రాట్నం చాలాసేపు తిరగలేదు.

భయం మహా గొప్ప గురువు. బడి తెరిచాక చేతికర్రతో బస్సెక్కి, సాయంత్రాలు వంచుడు సారు దగ్గర పళ్ళు కొరుక్కుంటూ వంచాను. ఆషాఢం చివరికి ఒకరోజు ఆయన కొలిచి, "నూట ముప్పై! నెమ్మదిగా బాసిపట్టు వెయ్యన్నా" అన్నాడు. వేశాను. కూర్చున్నాను. ఆ బల్ల మీద కూర్చునే నవ్వాను, కళ్ళు తుడుచుకున్నాను, అలవాటు కొద్దీ జుట్టు సవరించుకున్నాను. అక్కడే చెయ్యి ఆగిపోయింది. వంగిందని ఇంట్లో తెలిస్తే మొక్కు! ముహూర్తానికి ఇంకా పద్దెనిమిది రోజులు. పద్దెనిమిది రోజుల జుట్టంటే గరుకు కాగితం.

ఆ సాయంత్రం మా అమ్మ అడిగింది, "ఎంతొచ్చెరా?"

"తొంభై ఐదమ్మా" అన్నాను. కోణమానినిని కొంచెం పక్కకు తిప్పి పట్టుకున్నాను.

వంచడం నేర్పమని పంపితే వంచన నేర్చుకొచ్చాను. ముహూర్తానికి రెండు రోజుల ముందు 'ఉన్నట్టుండి' వంగినట్టు చేసి, గుండు పెళ్ళయ్యాక చూసుకుందామని నా పథకం. రోజూ తలుపు వేసుకొని నూలు గదిలో బాసిపట్టు వేసేవాణ్ణి. బయటికొచ్చి తొంభై ఆరు, తొంభై ఆరున్నర అనేవాణ్ణి. (ఆ అర ఎందుకు కలిపేవాణ్ణో! అబద్ధానికి దశాంశం పెడితే నిజంలా ఉంటుందని లెక్కల బుద్ధి.) మా అమ్మ మొహం రోజురోజుకూ వాడిపోయేది. తిండి తగ్గించింది. నేను అది పెళ్ళిపనుల అలసట వల్ల అనుకున్నాను. అనుకోవడానికి అది సులువుగా ఉండింది.

శ్రావణం మొదటి సోమవారం, బడికి సెలవు. మా అమ్మ పొద్దున్నే "అక్కోళ్ళింటికి పోయొస్తా" అని వెళ్ళింది. మధ్యాహ్నం మా నాయన మగ్గంలో ఉన్నాడు. ఎవరూ చూడరు కదా అని నేను కంచం పెట్టుకొని, నేల మీద హాయిగా బాసిపట్టు వేసి, రాగిసంకటి ముద్ద తుంచుతున్నాను. తలుపు తోసుకొని మా అమ్మ వచ్చింది.

ఆమె నా కాళ్ళ వైపు చూసింది. చేతిలోని ప్రసాదం సంచి జారింది. రెండు చేతులూ పైకెత్తి మొక్కబోయేసరికి తల మీది కొంగు కూడా జారింది. నున్నటి తల. దాని మీద గంధం.

"ఈరన్నా! నా తండ్రీ! నా మొర ఇంత బిరీన ఇంటివా!" అని మా అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. "వంగలేదు వంగలేదు అంటుంటివి కదరా. వంగినంక ఇద్దామంటే దినాలు ల్యాకపాయ. అందుకే ముందే ఇచ్చేస్తి. సూడు, నేను ఇల్లు సేరకముందే కూచోబెట్నాడు!"

తుంచిన సంకటి ముద్ద కంచంలోనే వదిలేశాను. "నీకెందుకమ్మా గుండు? నాదనుకున్న్యా" అన్నాను.

"మొక్కుకున్నెది నేను. నీ తల యాలప్పా? పెండ్లికొడుక్కి ఎవురన్నా గుండు మొక్కుకుంటారా, పిచ్చోడా!"

గోడ మీదుగా పక్కింటామె, "ముత్తైదువవు, నువ్వు ఇయ్యడమేంది తల్లీ?" అంది. "ఈరన్న కాడ ఆడేంది, మగేంది" అంది మా అమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

మగ్గం ఆగింది. మా నాయన గుంటలో నుంచి మెడ పైకెత్తి మా అమ్మను చాలాసేపు చూశాడు, తరవాత నన్ను చూశాడు. నూలు గది మగ్గానికి ఆనుకునే ఉంటుందని నాకప్పుడు గుర్తొచ్చింది. "మహిమ గలోడు ఈరన్న" అన్నాడు మెల్లగా. "పది దినాల ముందునుంచే తలుపేసుకోని మహిమ సూపిస్తాండాడు." మళ్ళీ మగ్గం ఆడింది. ఆ మాట తలుపు దగ్గర కూలబడిన మా అమ్మకు వినబడిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. నేను చెప్పలేదు. దేవుడి మహిమను కాదనేంత ధైర్యం ఒక అబద్ధాలకోరుకు ఎక్కణ్ణుంచి వస్తుంది?

పెళ్ళిలో పీట మీద గంటన్నర కూర్చున్నాను. మోకాలు ఒక్క మాట అనలేదు, మనసే సలిపింది. ఫోటోలన్నిటిలో నా జుట్టు దివ్యంగా ఉంది. దాని వెనక కొంగు కప్పుకొని నవ్వుతున్న మా అమ్మ ఉంది. పెళ్ళికూతురి అవ్వ ఆ కొంగు సందులోంచి అంతా కనిపెట్టి, తన కోసం వేసిన కుర్చీ ఈడ్చుకొచ్చి మా అమ్మను అందులో కూర్చోబెట్టింది. "నువ్వు ఈడ కూచో. పీట మీద కూచునేది వాడు, కూచోబెట్టింది నువ్వు" అంది.

ఆ రోజుల మీసాల కుర్రవాణ్ణి ఇప్పుడు ఫోటోలో చూస్తే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. అంత కాపాడుకున్న జుట్టును ఈరన్న తొందరేమీ లేకుండా, దువ్వెనకు నాలుగు చొప్పున తానే తీసుకుపోయాడు. ఇప్పుడు నా తల అద్దం అడగదు, తనే అద్దం. మా అమ్మకు మాత్రం మళ్ళీ ఒత్తుగా పెరిగి, నెరిసి, ముడికి వస్తుంది. వానాకాలంలో మోకాలు కలుక్కుమంటుంది. మెట్టు దగ్గర ఆగి, ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి నున్నటి తల మీద పెట్టుకుంటాను. బడిలో పిల్లలు ఏదైనా పొంతన లేని జవాబు రాసినప్పుడు, తోటి అయ్యవార్లు "మోకాలికీ బోడిగుండుకూ ఏం సంబంధమయ్యా?" అని విసుక్కుంటారు. నాకు మాత్రం ఆ సంబంధం తెలుసు. ఎమ్మిగనూరులో రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతూ ఉంటుంది.