మాణిక్యమ్మ విన్న చదువు

మాణిక్యమ్మ కళ్లు తెరుచుకునే నిద్రపోతుందని ట్రైనింగ్ కాలేజీలో అందరూ ఆటపట్టించేవారు. నిజమే మరి! కిషన్‌బాగ్ నుంచి బస్సెక్కితే ఈ లోకంలో ఉండేది కాదు, దిగాల్సిన స్టాపు దాటిపోయేది. చదువులో వెనకబడిన పిల్లలకు ట్రైనింగ్‌లో ఉన్న టీచర్లు పరీక్షలు పెట్టి, లోపమేమిటో రాసేవారు. ఆ పరీక్ష సరైనదో కాదో తేల్చడం ఆమె ఉద్యోగం.

డెబ్భై నాలుగులో పురానాపూల్ బడి నుంచి చంద్రమ్మ కాయితం వచ్చింది. పూలమ్మే సక్కుబాయి కూతురు, మూడో తరగతి. పిల్ల పుస్తకం గలగలా చదువుతుందనీ, లోపమేమీ లేదనీ, రాయమంటేనే బద్ధకమనీ పరీక్ష పెట్టిన ట్రైనింగ్ టీచరు వెంకటనారాయణ రాశాడు. తల్లికీ అదే చెప్పాడు. తన చెవులతో వినందే సంతకం పెట్టనంది మాణిక్యమ్మ.

ఆమె బడికి వెళ్లిన రోజు వెంకటనారాయణ పక్కనే కూర్చున్నాడు, సక్కుబాయి గుమ్మం దగ్గర నిలబడింది. చంద్రమ్మ వరుసల కింద వేలు జరుపుతూ వానపాఠం ఎత్తుకుంది. ఎంత తియ్యటి గొంతో! మాణిక్యమ్మకు మూసీలో నిండా నీళ్లున్నట్టు, తాను చిన్నపిల్లయి పడవలో పడుకుని మబ్బుల్ని చూస్తున్నట్టు అనిపించింది. ఆ హాయిలో ఎంతసేపుందో ఆమెకే తెలియదు.

కిటికీలోంచి గాలి వీచి పేజీ తిరిగింది. గొంతు ఆగలేదు. వేలు కోడిపుంజు పాఠం మీద నడుస్తోంది, నోట్లో వాన కురుస్తూనే ఉంది. మాణిక్యమ్మకు మెలకువ వచ్చింది. తరగతిలో అందరూ కలిసి వల్లించే పాఠాలన్నీ ఈ పిల్ల చెవులతోనే పట్టేసింది.

పలక మీద రెండు కొత్త మాటలు రాసి చదవమంది. చంద్రమ్మ చాలాసేపు చూసింది.

"గిది మేం చదవలే టీచర్."

మాణిక్యమ్మకు ఒళ్లు మండింది. వినని పాఠం ఒక్కటైనా ఇవ్వకుండా ఇదేం పరీక్షని వెంకటనారాయణను నిలదీసింది. ఆ కాయితం చెల్లదనీ, మళ్లీ మొదటినుంచీ పరీక్షించాలనీ తేల్చేసి, తల్లి దగ్గరికి వెళ్లింది.

"బద్దకం కాదు సక్కుబాయీ. అక్షరాలు గుర్తుపట్టుడు దానికి కష్టమైతున్నది. వేరే తీరుగ నేర్పుతం, ఫికర్ చెయ్యకు."

సంతోషిస్తుందనుకుంది. సక్కుబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గా సారు మాట నమ్మి దీన్ని రోజు కొట్టిన, టీచరమ్మా. బద్దకం పోతదని."

కళ్లు తుడుచుకోవడానికి ఆమె చెయ్యెత్తింది. పక్కనే ఉన్న చంద్రమ్మ బెదిరిపోయి రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుంది.