నాగవేణి మేడం నాచేత రాయించిన తప్పు

కొత్త సర్క్యూట్ బోర్డు కవరు చింపగానే వేడెక్కిన ప్లాస్టిక్ లాంటి వాసన ఒకటి వస్తుంది. నిన్న మా ఆఫీసుకు మరో కొత్త చిప్ బిగించిన బోర్డు వచ్చింది. దాని కవరు చింపి ఆ వాసన పీలుస్తూ ఉంటే పక్కసీటు వాళ్ళు నవ్వారు. నవ్వనీ. నాకు మాత్రం ఆదోనిలో నా మొదటి ఉద్యోగమూ, దాన్నిచ్చిన నాగవేణి మేడమూ గుర్తొచ్చారు. ఈరోజు నేను తలెత్తుకుని చేస్తున్న పని ఆమె పెట్టిన భిక్ష.

మేడంది ఎమ్మిగనూరు, మగ్గం నేసే కుటుంబం. పాలిటెక్నిక్‌లో కొన్నేళ్ళు పాఠాలు చెప్పి, ఆ పని మానేసి, ఆదోని మార్కెట్ యార్డు దారిలో రెండు గదుల వర్క్‌షాపు పెట్టారు. పత్తిలో తేమ ఎంతుందో చూపే మీటర్లు తయారుచేసేవాళ్ళం. మీటరు తేమ ఎక్కువ చూపితే రైతుకు ధర తగ్గుతుంది. మా నాన్న పెద్దకడుబూరులో పత్తి పండించేవాడు కాబట్టి ఆ సంగతి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఒక ఏడాది మేము వాడే చిప్ తయారీ ఆగిపోయింది. దాని బదులు వచ్చిన కొత్త రకానికి కంపైలర్ లేదు. మనం రాసిన ప్రోగ్రామును చిప్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేదే కంపైలర్. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి ఉచితంగా నడిపే కంపైలర్ ఒకటుంది గానీ, దానికి ఈ కొత్త చిప్ భాష రాదు. ఎవరో ఒకరు నేర్పాలి.

"ఎవురో నేర్పేదాకా మనం సేతులు ముడ్సుకోని కూసుందామా?" అంటూ మేడం దిండంత లావున్న మాన్యువల్ నా ముందు పెట్టారు.

"నాకు రాదు మేడం."

"నాకు మాత్రం వస్తాదా? సదువు పాపా. ఇద్దరం తెల్సుకుందాం."

అన్నేళ్ళు పాఠాలు చెప్పినావిడ తనకు రాదని అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకు వింతగా తోచింది. నెలల తరబడి కుస్తీ పట్టాం. చివరికి పరీక్షలన్నీ పాసయ్యాయి. నా మార్పులను ఆ కంపైలర్ నడిపేవాళ్ళు తీసుకున్నారు, అది పనిచేసే చిప్‌ల జాబితాలో మా చిప్ పేరు చేరింది. ఆరోజు మేడం ఉగ్గాని, బజ్జీలు తెప్పించారు. నా కాళ్ళు నేలమీద నిలవలేదు.

కొత్త మీటర్లు పత్తిలో గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లుకు పంపే ముందురోజు, ఒకదాన్ని యార్డుకు తీసుకెళ్ళి చూశాం. ఆస్పరి రైతు ఒకాయన పత్తిలో గుచ్చితే తేమ ఎనిమిది శాతం చూపింది. మళ్ళీ ఎనిమిది. మళ్ళీ ఎనిమిది. ఎన్నోసారికో ఇరవైమూడు చూపింది.

"ఇదేందమ్మా, వాన రాకనే నా పత్తి నానింది!" అన్నాడాయన.

"ఎప్పుడో ఒగసారి మేడం. మళ్లా నొక్కితే సరిగానే సూపిస్తాది" అన్నాను నేను కంగారుగా.

"ఆ ఒగసారి ఎవురి పత్తికి వస్తాదో సెప్పు."

నాన్న కళ్ళముందు మెదిలాడు. మేడం అక్కడే నిలబడి మిల్లుకు ఫోన్ చేసి, మీటర్లు పంపడం లేదని చెప్పేశారు. సీజను మొదలైపోయింది, ఆర్డరు వేరేవాళ్ళకిస్తామని వాళ్ళు అరిచారు. "పోగు తెగింది కనపడినాంక మగ్గం ఆపాల్సిందే. అట్లే నేస్తే గుడ్డంతా పాడు" అన్నారామె నాతో.

కంపైలర్ రాసిన ఆదేశాలను ఆమె ఒక్కొక్కటిగా పైకి చదవడం, నేను మాన్యువల్‌తో సరిచూడడం. మూడోరోజు దొంగ దొరికింది. చిప్ లెక్క చేస్తుండగా దానిలోని గడియారం మధ్యలో పిలుస్తుంది. అప్పుడు చేతిలోని అంకెలన్నీ భద్రంగా పక్కన పెట్టి వెళ్ళి, తిరిగొచ్చి ఎత్తుకోవాలి. గుణకారం ఫలితాన్ని కూడా అలా దాచమని చెప్పడం నేను మరిచిపోయాను. పిలుపు సరిగ్గా గుణకారం మధ్యలో వస్తేనే తప్పు బయటపడుతుంది. నేను పెట్టిన పరీక్షల్లో పిలుపులే లేవు, ఇక పాసవక ఏమవుతాయి!

సరిచేయడానికి రెండు లైన్లు చాలాయి. కంపైలర్ నడిపేవాళ్ళకు గుట్టుగా పంపేద్దామని పైన "చిన్న మెరుగు" అని రాశాను. మేడం చదివి తీసేయించారు.

"మెరుగు గాదు, తప్పు అని రాయి. ఎట్ల సేసినావో, పరీక్షలో ఎందుకు కనపల్లేదో అంతా రాయి."

"పరువు పోతాది మేడం. లోకమంతా సదువుతాది."

"సదవనీ. ఇంగొగ సిప్పుకు ఇంగొకరు ఇదే తప్పు సేస్తారు. వాల్లకు నీ పరువుతో ఏం పని?"

ఆమె మీద పట్టరాని కోపంతో, ఏడుస్తూనే రాశాను. అడుగున నా పేరు పెట్టాక ఆమె కీబోర్డు తనవైపు లాక్కుని, "సరిచూడకుండా పంపింది నేను" అని రాసి తన పేరు చేర్చారు. నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. మిల్లు మాత్రం అన్నంత పనీ చేసింది. ఆ సీజనంతా మేం ఖాళీగా కూర్చున్నాం.

చాలా ఏళ్ళ తర్వాత, ముక్కూ మొహం తెలియని ఇంజనీరు ఒకతను వేరే దేశం నుంచి నాకు ఈమెయిల్ రాశాడు. ఇంకో కొత్త చిప్‌కు కంపైలర్ సిద్ధం చేస్తూ నేను రాసింది చదివాడట. వెతికితే తన పనిలోనూ అదే తప్పు ఉందట. ఆ చిప్‌ను ఆసుపత్రిలో రోగికి మందెక్కించే పంపులో పెట్టబోతున్నారట.

అప్పటికి వర్క్‌షాపు మూసేసి, ఆరోగ్యం చెడి, మేడం ఎమ్మిగనూరులోనే ఉంటున్నారు. వెళ్ళి ఆ ఈమెయిల్ చదివి వినిపించాను. మెచ్చుకుంటారని ఆశపడ్డాను, దాచుకోవడమెందుకు. ఆమె కళ్ళు మూసుకుని అంతా విన్నారు.

"ఆ పిల్లోడికి జవాబు రాసినావా?"

"ఇంగా ల్యా మేడం."

"రాయి. వాని తప్పు గూడా రాసిపెట్టమని సెప్పు."

అతను రాశాడు. అది చూసి ఇంకొకరు రాశారు. మేడం పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఆ కంపైలర్‌కు తప్పుల పేజీ అని ఒకటి ఏర్పడింది, కొత్త చిప్ పని మొదలుపెట్టే ప్రతివారూ ముందు దాన్ని చదువుతారు. అందులో మొట్టమొదటి తప్పు కింద ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు, వాటి పక్కన ఆదోని అని ఊరి పేరు ఉంటాయి.