బావ చేసిన గచ్చు

మా బావ తాపీమేస్త్రి. ఎవరింటికి వెళ్లినా కుశలం అడగకముందే గోడ వంకర చూసి నిట్టూర్చే రకం. పగలంతా మట్టిలో పనిచేసి వస్తాడేమో, ఇంట్లో మట్టి కనిపిస్తే ఒళ్లు మండిపోతుంది. మండితే మండింది, ఊరుకోవచ్చుగా! ఊరుకుంటే మా బావ ఎందుకవుతాడు? అక్క ముచ్చటపడి పెంచుకున్న జామచెట్టును మాత్రం వదిలి, పెరడంతా సిమెంటు గచ్చు చేసేశాడు. గోడ నుంచి గోడ దాకా, చెట్టు మొదలు దాకా.

"ఎక్కడైనా పగులు చూపించు, మీసం తీయించుకుంటా" అన్నాడు నాతో.

పగులు లేదు, నిజమే. ఎండలకు ఆ గచ్చు పెనంలా కాలి, వంటింట్లోకి వేడిగాలి కొట్టింది. మట్టిలో పొర్లే పిచ్చుకలు వేరే పెరడు చూసుకున్నాయి. వాన పడితే నీళ్లకు నేలలోకి దిగే దారి లేక, కొన్ని వంటింట్లోకి, తక్కినవి వీధి కాలువలోకి పోయాయి. అక్క చెట్టుకు పోసిన బిందెడు నీళ్లూ కాలువకే. చెట్టు లేతాకులు కూడా రాల్చడం మొదలుపెట్టింది.

"దానికి ఊపిరాడటం లేదండీ" అంది అక్క.

"చెట్టుకి ముక్కెక్కడుందే?" అన్నాడు బావ.

అంతే, అక్క మాటలు మానేసింది. కంచం పెట్టడం, పక్కకు తిరగడం. ఆ చెట్టంటే దానికి ప్రాణం.

చిటారుకొమ్మ ఎండిపోయిన రోజున బావ గునపం తీశాడు. పొడిస్తే నిప్పురవ్వలు లేచాయిగానీ పెచ్చు ఊడలేదు.

"ఎంత సిమెంటు కలిపావు బావా?"

"సొంతిల్లు కదరా" అన్నాడు రొప్పుతూ. "బయట ఇంత కలపను."

సిగ్గూ ఎగ్గూ ఉండాలి మనిషికి. "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అని తిట్టి, నేనూ ఒక గునపం పట్టాను.

చెట్టు చుట్టూ గచ్చు ఊడేసరికి పొద్దు వాలింది. కింద మట్టి బూడిదలా ఉంది, వెతికినా ఒక్క వానపాము లేదు. అక్క బిందె వంచింది. నీళ్లు దిగుతుంటే మట్టిలోంచి గాలి బుడబుడమంటూ పైకొచ్చింది. అక్క కింది కొమ్మను గోటితో గీరింది. లోపల పచ్చగానే ఉంది.

మోకాళ్ల దాకా బురదతో బావ కాలువ వైపు నడిచాడు.

"కాళ్లు అక్కడొద్దు, చెట్టు మొదట్లో కడుక్కోండి" అంది అక్క. "నీళ్లు దానికే పోతాయి."

బావ వెనక్కి వచ్చాడు. చీకటి పడేదాకా కడిగిన కాళ్లే మళ్లీ మళ్లీ కడుక్కున్నాడు.